రాణిగారి కాసులపేరులో రోమక చక్రవర్తి

తూర్పు సముద్రపు ఒడ్డున ఒకానొక రాజ్యాన్ని ప్రతాపకేసరి అనే రాజు ఏలేవాడు. మనిషి మంచివాడే గానీ, తన ఎదుట ఇంకొకరిని పొగిడితే ఆ పూట అన్నం సహించేది కాదు.

ఒకనాడు సభకు వచ్చిన ఓడవర్తకుడు రాణి నాగమాంబ మెడలోని కాసులపేరు చూసి చేతులు జోడించాడు. "ఈ కాసుల మీద ఉన్నది మా పాత రోమక చక్రవర్తి, మహారాజా! చచ్చి వందల ఏళ్లయినా మీ దేశంలో ఇంటింటా ఉన్నాడే!" అన్నాడు.

రాజుకు కడుపు మండిపోయింది. నిజమే, రేవులో చేపలమ్మే ఆవిడ మెడలోనూ ఆ ముఖమే! పెళ్లిపందిట్లో, పురిటింట్లో, ఎక్కడ చూసినా వాడే. "ఇన్ని కోటలు కట్టించాను, నా ముఖం ఒక్క మెడలోనైనా ఉందా?" అని కుళ్లిపోయాడు.

తెల్లారేసరికి దండోరా వేయించాడు. పాత కాసులన్నీ టంకశాలలో ఇచ్చేయాలి, వాటిని కరిగించి పోసిన రాజుగారి బొమ్మ కాసులే ఇక మెడలో వేసుకోవాలి. తల్లి ఇచ్చిన కాసులపేరు తీసి ఇస్తూ రాణి ఏడ్చింది. ఆనాటి నుంచి రాజుతో మాట మానేసింది.

ఆస్థానంలో విరూపన్న అనే చమత్కారి ఉన్నాడు. "కరిగించే ముందు, జనం ఆ చక్రవర్తి గురించి ఏమనుకుంటున్నారో వినొద్దా ప్రభూ? శత్రువు బలం తెలియాలి కదా" అన్నాడు.

గడ్డాలు అతికించుకుని, వర్తకుల వేషాల్లో ఇద్దరూ టంకశాలకు వెళ్లారు. వాకిట్లో పోలమ్మ అనే ముసలమ్మ, కాసు గుప్పిట్లో పెట్టుకుని కుమిలిపోతోంది.

"అవ్వా, దాని మీదున్న మగాడెవడు?" అన్నాడు రాజు.

"మగాడా! కళ్లు పోతాయి నాయనా! మా అమ్మోరు. ఆ ఉంగరాల జుట్టు, ఆ నున్నటి బుగ్గలు కనపడ్డంలా? మా అత్త నా మెళ్లో ఏసిన కాడ్నించీ శుక్కురారం శుక్కురారం పసుపు రాసి మొక్కుతున్నా."

రాజు ప్రాణం లేచి వచ్చింది. ఖజానా బంగారంతో ముందుగా అచ్చువేయించిన తన కొత్త కాసుల్లో ఒకటి గబగబా తీసి ఆమె చేతిలో పెట్టాడు. "మరి ఈయనెవరో చెప్పు!"

పోలమ్మ ఆ కోరమీసాలనూ, గుడ్లురిమే కళ్లనూ తేరిపార చూసింది.

"ఇంకెవరు, పోతురాజు! అమ్మోరి గుడి ముందర కాపలా ఉంటాడుగా. పక్కనే గుచ్చుకుంటాలే, తల్లికి తోడుంటాడు."

విరూపన్న రాజు చెవిలో మెల్లగా అన్నాడు. "ప్రభూ, ఈ కాసులు ఊళ్లోకి వెళ్లాయంటే తరతరాలూ తమరు ఆ రోమకుడి వాకిట్లో కాపలా కాయాలి."

రాజుకు ముందు ఒళ్లు మండింది. ఆ తరువాత నవ్వు ఆగలేదు. అరుగు మీద కూలబడి, పెట్టుడు గడ్డం ఊడిపోయేలా నవ్వాడు.

దండోరా రద్దయింది. మర్నాడు రాజు తన చేతులతోనే కాసులపేరు తెచ్చి రాణి మెడలో వేశాడు.

"మరి మీ కాసులో?" అంది రాణి, ఇన్నాళ్లకు నోరు విప్పి.

"పోతురాజులందర్నీ కరిగించి విరూపన్న చేతికి కంకణం వేయించాను. అమ్మోరు మాత్రం నీ దగ్గరే ఉండనీ" అన్నాడు రాజు.