కోటయ్య ఐపీ పెట్టిన కథ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలోకి కూడా కార్డులు వచ్చేశాయి, పిల్లలూ. కార్డు గీకితే కొట్లో దుంపలు ఇచ్చేవారు. డబ్బు తర్వాత కొంగ బ్యాంకుకు కట్టాలి. ఆలస్యమైతే వడ్డీ.

అక్కడ కోటయ్య అనే ముళ్ళపంది ఉండేవాడు. అందరికీ బొరియలు తవ్విపెట్టడం అతని పని. ఒక వానాకాలంలో అతని ముందుకాలి మీద రాయి పడింది. రెండు నెలలు పని లేదు. మందులకు ఒక కార్డు గీకాడు. దాని బాకీ కట్టడానికి రెండోది తీసుకున్నాడు. రెండోదాని కోసం మూడోది. కాలు నయమైంది. బాకీ నయం కాలేదు.

రోజూ పొద్దున్నే వడ్రంగిపిట్ట వచ్చి తలుపు కొట్టేది. అది బ్యాంకు వసూళ్ళ ఉద్యోగి.

"కోటయ్యగారూ, ఉన్నారా?"

కోటయ్య లోపల ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు. ముళ్ళు మాత్రం గలగలమనేవి.

"సరే, లేరని రాసుకుంటాను," అని పిట్ట వెళ్ళిపోయేది.

భార్య బుల్లెమ్మకు అతను ఏమీ చెప్పలేదు. ముందు బ్యాంకుకు వెళ్ళాడు.

"నెలనెలా కనీస మొత్తం కడితే చాలు," అంది కొంగ.

"అలా కడితే ఎప్పటికి తీరుతుందండీ?"

కొంగ లెక్క వేసింది. "నలభై ఏళ్ళకు."

"మేం ఇరవై ఏళ్ళే బతుకుతామండీ."

"మీ పిల్లలు కూడా కట్టొచ్చు. మాకేం అభ్యంతరం లేదు."

తర్వాత తోడల్లుడి దగ్గరికి వెళ్ళాడు. "కొండ దాటి పారిపో అన్నయ్యా," అన్నాడు తోడల్లుడు. "నేను ఈ అడవికి అలాగే వచ్చాను."

చివరికి తాబేలు వకీలు దగ్గరికి వెళ్ళాడు.

"ఐపీ పెట్టు," అన్నాడు తాబేలు. "ఉన్నదంతా కోర్టులో చూపించి, కట్టలేనని ఒప్పుకోవాలి. ఉండే బొరియ, పనిచేసే గోళ్ళు నీకు వదిలేస్తారు. మిగతాది అమ్మి అప్పులవాళ్ళకు పంచుతారు. అప్పటికీ తీరని బాకీ కొట్టేస్తారు. అయిదేళ్ళు ఎవరూ అప్పివ్వరు. నీ పేరు ఏటి దగ్గర బోర్డు మీద రాస్తారు."

కోటయ్యకు బోర్డు మాట ఒక్కటే వినపడింది. "అందరూ నీళ్ళు తాగేది అక్కడే కదా, తాతా."

"అందుకే అక్కడ పెట్టారు. మీ ఆవిడకు చెప్పావా?"

"లేదు."

"ముందు చెప్పిరా. కాగితం నేను నెమ్మదిగానే రాస్తాను."

ఇంటికెళ్ళి కోటయ్య అంతా చెప్పాడు. బుల్లెమ్మ దుంపలు చెక్కడం ఆపలేదు.

"తెలుసు," అంది. "పిట్ట రోజూ మన తలుపే కొడుతుంటే, చెదపురుగుల కోసం అనుకున్నానా?"

"మరి అడగలేదే?"

"నువ్వే చెబుతావని చూశాను."

వాళ్ళకు ఒక ఇప్పచెట్టు ఉంది. ఇద్దరూ కష్టపడి కొనుక్కున్నది. కోటయ్య గొంతు తగ్గించాడు. "చెట్టు మీ చెల్లెలి పేరున రాసేద్దామా?"

బుల్లెమ్మ చెక్కుతున్న దుంప కింద పెట్టింది.

"వద్దు," అంది. "దాస్తే మళ్ళీ తలుపు చప్పుడైనప్పుడల్లా ఊపిరి బిగబట్టాలి. లెక్కలో చూపించు."

కోర్టులో ఏనుగు జడ్జిగారు, "ఉన్నదంతా ఇదేనా?" అని అడిగారు.

"ఇదేనండి," అన్నాడు కోటయ్య. ఆ మాట అనగానే అతనికి ఊపిరి తేలికైంది.

బాకీ కొట్టేశారు. చెట్టు పోయింది. ఇప్పపూలు రాలే రోజుల్లో బుల్లెమ్మ ఆ దారిన వెళ్ళడం మానేసింది.

బోర్డు మీద పేరు ఎక్కిన రోజు కోటయ్య తల వంచుకుని ఏటికి వెళ్ళాడు. అడవిపంది అతని పేరు పైకి చదివింది. కుందేలు "పాపం" అంది. జింక మాత్రం మిగిలినవాళ్ళు వెళ్ళిపోయేదాకా ఆగి, మెల్లగా దగ్గరికొచ్చింది.

"కోటయ్యా, ఆ తాబేలు వకీలు ఇంట్లో ఎప్పుడుంటాడు?"

"ఆయన ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాడు," అన్నాడు కోటయ్య. "మీ ఇంట్లో చెప్పి వెళ్ళు. మొదట అదే అడుగుతాడు."

నీతి: తీర్చలేని అప్పును దాచిపెడితే అది పెరుగుతూనే ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుంటే కొంత పోతుంది గానీ, మనం మిగులుతాం.