మూత లేని నీటిచక్రం

ఎప్పటి మాటో ఎవరికీ గుర్తు లేదు గానీ, తమలపాడు అనే ఊళ్ళో ఒక మంచి కట్టుబాటు ఉండేది. ఏటి నీళ్ళు తోడే చక్రానికి ఎవరూ మూత పెట్టరాదు. దాన్ని ఎవరైనా విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి చేసి ఇవ్వొచ్చు. పుచ్చుకున్నవాళ్ళు కూడా మూత లేకుండానే ఇవ్వాలి. అంతే!

ఆ ఊళ్ళో పేరిందేవికి ఒక తమలపాకు తోట ఉంది. ఆ తోటే ఆవిడ బతుకు. నీళ్ళు తప్పాయా, తీగ వాడిపోతుంది మరి.

ఒకనాడు రత్నగుప్తుడనే వర్తకుడు రాగిపెట్టెల్లో బిగించిన కొత్త చక్రాలు తెచ్చాడు. తళతళా మెరిసిపోతున్నాయి.

"ఊరికే ఇస్తున్నానమ్మా, తీసుకోండి. పెట్టె మాత్రం తెరిచారో, రాజుగారి దగ్గరికి ఈడుస్తాను" అన్నాడు.

ఊరికే వస్తుందంటే ఎవరికి చేదు? పేరిందేవి పాత కర్ర చక్రాన్ని పొయ్యిలో పెట్టేసింది. ఊరంతా అదే పని చేసింది.

ఎండాకాలం వచ్చింది. ఏరు కిందికి దిగింది. తాడు పొడుగు చేద్దామంటే, అది చుట్టుకునే ఇరుసు పెట్టెలో ఉంది. "మా మనిషి వచ్చేదాకా ఆగు" అన్నాడు వర్తకుడు. ఆ మనిషి తీరిగ్గా వచ్చేసరికి తోట అంచున తీగలు వడిలిపోయాయి.

తర్వాత పక్క తోట మంగమ్మ చక్రం విరిగింది. "వదినా, నీది ఒక్క పూట ఇస్తావా?" అంది. పేరిందేవి ఇవ్వబోయింది. "నీకిచ్చింది నీకే! ఇంకొకరికిస్తే ఊరుకోను" అని వర్తకుడు అడ్డుపడ్డాడు. మంగమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ పూట పేరిందేవికి అన్నం సహించలేదు.

మూడోసారి పేరిందేవి చక్రమే కిర్రుమని ఆగిపోయింది.

"ఇకమీద ఆకంతా నాకే అమ్ముతానను, బాగు చేయిస్తాను" అన్నాడు వర్తకుడు.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! చక్రం ఇచ్చి నన్నే కట్టేద్దామనుకున్నావా?" అని పేరిందేవి గునపం తీసుకుంది. రాగిపెట్టె పగిలింది. లోపల చక్రం అంచున జారిన పంటిని సరిచేసింది. చక్రం తిరిగింది, నీళ్ళు పారాయి.

వర్తకుడు అన్నంత పనీ చేశాడు. ఆవిణ్ణి రాజసభకు ఈడ్చాడు. ఊరంతా వెంట వెళ్ళింది.

"పగలగొట్టిన మాట నిజమే ప్రభూ. కానీ లోపలున్న ఈ వంకర పన్ను మా అత్తగారు ఏటిగట్టున అందరి ముందూ చెక్కింది. ఈయన మా చక్రమే పట్టుకెళ్ళి, మూతేసి మాకే తెచ్చాడు" అంది పేరిందేవి.

రాజు వర్తకుడి వైపు తిరిగాడు. "ఈ పన్ను ఎందుకు వంచావయ్యా?"

వర్తకుడు ఆ పన్నును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చక్రం వెనక్కి తిరక్కుండా!" అని తమలపాడు వాళ్ళంతా ఒక్క గొంతుతో అరిచారు.

రాజు ఫక్కున నవ్వాడు. "రాగి నీది, పట్టుకుపో. చక్రం ఊరిది" అన్నాడు.

పెట్టెలన్నీ ఊడాయి. పేరిందేవి మొదట మంగమ్మ చక్రమే బాగుచేసింది. కొన్నాళ్ళకు రత్నగుప్తుడు తల వంచుకుని వచ్చాడు. "నాకూ ఒక తోట ఉందమ్మా..." అని నసిగాడు.

ఊళ్ళోవాళ్ళు తరిమేయబోయారు. పేరిందేవి ఒప్పుకోలేదు. "నీ ఒక్కడికీ ఇవ్వనంటే నేనూ మూత పెట్టినట్టేగా! రా నాయనా, పక్కన కూర్చుని నేర్చుకో. ఎవరడిగినా ఇలాగే నేర్పు" అని ఉలి అతని చేతికిచ్చింది.

ఊరికే వచ్చిందల్లా స్వేచ్ఛ కాదు పిల్లలూ. విప్పి చూసుకుని, మార్చుకుని, పదిమందికీ పంచుకోగలగడమే స్వేచ్ఛ.