బ్రేకు మీద చెయ్యి

మురహరి పరభాషా సినిమాలకు తెలుగు మాటలు రాసే డబ్బింగ్ రచయిత. ఆదివారం ఉదయాల్లో పరాంకుశం గారి దగ్గర వేదాంతం చదువుకునేవాడు. ఒక వారం పాఠం మొదలుకాకముందే అడిగాడు.

"గురువుగారూ, ఇప్పుడొక సినిమాకి మాటలు రాస్తున్నాను. అందులో హీరో బతికే లోకమంతా కంప్యూటర్ కల్పన. అది తెలిసి ఎదురు తిరుగుతాడు. చివరికి ఆ తిరుగుబాటు కూడా ముందే రాసిపెట్టి ఉందని తేలుతుంది. ఆ సీను రాసినప్పటి నుంచి నాకు దేనిమీదా మనసు నిలవడం లేదు. మన బతుకూ అంతే అయితే, ఏం చేసి ఏం లాభం?"

పరాంకుశం గారు వాదనకు దిగే మనిషి కాదు. ఒకప్పుడు ఆయన రైలు డ్రైవరు, ఆ తరువాత కొత్త డ్రైవర్లకు శిక్షకుడు. తన దగ్గర నేర్చుకున్న సలోమి అనే అమ్మాయి సంగతి చెప్పారు.

శిక్షణ కేంద్రంలో ఒక సిమ్యులేటర్ ఉండేది. లోపల అచ్చం ఇంజను క్యాబిన్, ఎదుట తెర, తెరమీద పరుగెత్తే పట్టాలు. చివరి పాఠంలో మలుపు తిరగ్గానే పట్టాల మీద ఒక మనిషి కనబడతాడు. ఎంత బ్రేకు వేసినా బండి అతన్ని తాకి తీరుతుంది. ఆ పాఠం అలా తయారుచేయించింది పరాంకుశం గారే. వయసులో ఉండగా ఆయన బండి కింద కూడా ఒకరు పోయారు. ఏళ్ల తరబడి ఆయనకు నిద్ర లేదు. కొన్నిటిని ఆపలేమని పిల్లలకు ముందే తెలిస్తే, రేపు మనసు విరగదనుకున్నారు.

ఏం చేసినా బండి ఆగదన్న సంగతి బ్యాచ్‌లో అందరికీ తెలిసిపోయింది. సలోమి కంటే ముందు ఆరుగురు కూర్చున్నారు. నామమాత్రంగా బ్రేకు వేసి, బండి తాకేదాకా చూస్తూ ఉండిపోయారు. ఒకతను నవ్వాడు కూడా.

సలోమి మాత్రం మనిషి కనబడీ కనబడగానే ఎమర్జెన్సీ బ్రేకు వేసింది. హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. "తప్పుకో అన్నా, తప్పుకో!" అని తెరవైపు అరిచింది. బయటున్నవాళ్లు పగలబడి నవ్వారు. బండి తాకింది, తెర ఆగిపోయింది. అప్పటికీ ఆమె చెయ్యి బ్రేకు మీదే ఉంది.

"ఏం చేసినా ఆగదని నీకెవరూ చెప్పలేదా అమ్మా?" అని అడిగారు పరాంకుశం గారు.

"చెప్పారు సార్."

"అది బొమ్మని తెలుసుగా?"

"తెలుసు సార్. మనిషి బొమ్మే. బ్రేకు వేసే చెయ్యి నాదే కదా సార్."

మర్నాడే ఆయన ప్రోగ్రామ్ రాసే ఇంజనీరును పిలిపించి పాఠం మార్పించారు. మనిషి కనబడిన క్షణంలోనే హారన్ మోగిస్తే, ఇక మీదట అతను వెనక్కి తిరిగి చూసి పక్కకు దూకుతాడు. ఆ వారమే సలోమిని మళ్లీ కూర్చోబెట్టారు. అతను దూకినప్పుడు ఆమె ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. గాజు తలుపు అవతల పరాంకుశం గారు కూడా కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

మురహరి నెమ్మదిగా అడిగాడు.

"అయితే గురువుగారూ, మన లోకం రాసినవాడు కూడా అలా మారుస్తాడంటారా?"

"అది నాకు తెలియదు నాయనా," అన్నారు పరాంకుశం గారు. "ఆ మొదటి రోజు సలోమికీ తెలియదు."