బూర ఊదేవాడి ముగ్గురు చుట్టాలు

నది మధ్యన ఒక లంక ఉండేది. ఆ లంక రేవులో బూర ఊదే పని ఒకతనిది.

చలికాలం పొద్దుట నది మీద పొగమంచు కమ్మితే పడవ నడిపేవాడికి తన చేతిలోని తెడ్డు కూడా కనపడేది కాదు. అవతలి ఒడ్డు నుంచి వచ్చేవాళ్ళకు రేవు ఎటుందో తెలియాలంటే బూర మోగాలి. అది నిలువెత్తు ఇత్తడి బూర. దాన్ని మోగించడానికి నోటి గాలి చాలదు, పొత్తికడుపులోంచి ఊపిరి లేవాలి. ఆ ఊపిరి ఒక్క రోజులో వచ్చేది కాదు. అందుకే అతని తండ్రి మంచున్నా లేకున్నా, ఎండాకాలమైనా, వానాకాలమైనా, రోజూ పొద్దున్నే రేవులో నిలబడి నూరుసార్లు ఊదేవాడు.

తండ్రి పోయాక కొడుకు కూడా కొన్నాళ్ళు ఊదాడు. తరవాత అతని అరుగు మీదికి చుట్టాలు రావడం మొదలైంది.

ముగ్గురు వచ్చేవారు. సరిగ్గా అతను బూర అందుకునే వేళకే వచ్చేవారు. మొదటివాడు మెడదాకా దుప్పటి కప్పుకుని ఉండేవాడు. "గాలి చూశావా, ఎలా కోస్తోందో! గొంతు పట్టేస్తే నాలుగు రోజులు లేవలేవు" అనేవాడు. రెండోవాడు నది వంక చెయ్యి చాపి, "మంచేదీ? అవతలి ఒడ్డున గేదెలు కూడా కనిపిస్తుంటే ఎవరి కోసం ఊదుతావు?" అనేవాడు. మూడోవాడు మహా మెత్తని మనిషి. ఎన్నడూ వద్దనేవాడు కాదు. "ఊదకపోతే ఎలా? ఊదాల్సిందే. రేపు పొద్దున్నే మొదలుపెడుదువుగాని" అనేవాడు.

వాళ్ళ మాటలు వింటూ కూర్చుంటే పొద్దెక్కేది. పొద్దెక్కగానే ముగ్గురూ లేచి వెళ్ళిపోయేవారు. వాళ్ళు అతనికి తప్ప ఇంకెవరికీ కనపడేవారు కాదు.

"పొద్దున్నే ఎవరితోనయ్యా ఆ మాటలు?" అని భార్య లోపలి నుంచి అడిగేది.

"ఎవరూ లేరులేవే" అనేవాడు.

అలా మూడేళ్ళు గడిచాయి. ఆ మూడేళ్ళూ మంచు పలచగానే పడింది. నాలుగో ఏడు పుష్యమాసంలో ఒక పొద్దుట నదీ లంకా ఆకాశమూ తెల్లగా ఒకటైపోయాయి. అవతలి ఒడ్డు నుంచి పదకొండుమందితో పడవ బయలుదేరింది.

అతను పరుగున రేవుకు వెళ్ళి బూర ఎత్తాడు. తుస్సుమని గాలి వచ్చింది. మళ్ళీ ఊదాడు. ఆకలేసిన దూడ అరిచినంత చప్పుడు వచ్చి, రెండు బారల దూరంలోనే మంచులో కలిసిపోయింది. మూడోసారికి కళ్ళు తిరిగి మెట్ల మీద కూలబడ్డాడు.

పడవ రేవు దాటిపోయింది. దిగువన ఇసుకమేటకు కొట్టుకుని ఒరిగిపోయింది. ప్రాణాలకేమీ కాలేదు. కానీ పదకొండుమందీ మోకాలి లోతు నీళ్ళలో, మంచు విడేదాకా, మధ్యాహ్నం వరకు వణుకుతూ నిలబడ్డారు.

వాళ్ళలో పెరుగు అమ్ముకునే ముసలామె ఒకతె ఉంది. ఆమె తడిచీరతోనే నేరుగా బూర ఊదేవాడి ఇంటికి వచ్చింది. అతని భార్య పొడిచీర ఇచ్చి పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది.

ముసలామె తిట్టలేదు. "తమ్ముడూ, ఇవాళ నువ్వు బూర ఊదావా, లేదా?" అని మాత్రం అడిగింది.

"ఊదానక్కా. గాలి అడ్డంగా కొట్టింది. చలికి గొంతు కూడా..."

సగంలో ఆగిపోయాడు. అది తన మాట కాదు, దుప్పటి కప్పుకున్నవాడి మాట. ఆ మాట తన నోట్లోంచి అంత సులువుగా రావడం విని అతనికే భయమేసింది.

"ఊపిరి లేదక్కా. మూడేళ్ళ నుంచి ఊదడం మానేశాను" అన్నాడు.

ముసలామె చేతులు మంట దగ్గర పెట్టుకుని కాచుకుంది. "సరే. రేపటి పడవలో కూడా నేను రావాలి. పెరుగు ఆగదు కదా" అంది.

మర్నాడు పొద్దున అరుగు మీద ముగ్గురూ కూర్చుని ఉన్నారు. అతను వాళ్ళను పొమ్మనలేదు, వాళ్ళ పక్కన కూర్చోనూ లేదు. బూర భుజాన వేసుకుని, "రండి, నడుస్తూ మాట్లాడుకుందాం" అన్నాడు.

ముగ్గురూ తెల్లబోయారు. అయినా వెంట నడిచారు, దారి పొడవునా మాట్లాడుతూనే ఉన్నారు. రేవు చేరాక అతను ఒక్కసారి ఊదాడు. ఒక్కటే. దూడ అరుపు కన్నా ఏమంత మెరుగ్గా లేదు.

"ఒక్కటా!" అన్నాడు మొదటివాడు. "మీ నాన్న నూరు ఊదేవాడు. ఈ ఒక్కదానితో ఏ పడవ ఒడ్డుకు చేరుతుంది?"

"ఏదీ చేరదు. ఇవాళ్టికి ఇంతే ఉంది" అని అతను ఇంటికి వచ్చి గంజి తాగాడు. ఎందుకో ఆ గంజి చాలా రుచిగా ఉంది.

మర్నాడూ ఒకటే ఊదాడు. వారం తిరిగేసరికి రెండు. మంచు పడిన రోజుల్లో, తన ఊపిరి చాలదని తెలుసు గనక, రేవులో నిప్పు వేసి భార్యా తనూ పళ్ళేలు మోగించేవారు. పడవలు తడుముకుంటూ వచ్చేవి. ఆ చలికాలం అలాగే గడిచింది.

ఎండలు ముదిరాక ఒక రోజు రెండోవాడు రాలేదు. రేవుదాకా నడక అతనికి పడలేదు కాబోలు. వానల్లో దుప్పటివాడూ మానేశాడు.

శ్రావణంలో అతనికి జ్వరం వచ్చింది. నాలుగు రోజులు మంచం దిగలేదు. అయిదో పొద్దుట మూడోవాడు తలాపున కూర్చుని ఉన్నాడు. "అయ్యో, వరస తెగిపోయిందే! ఇన్నాళ్ళ కష్టం! సరేలే, ఉగాదికి కొత్తగా మొదలుపెట్టు, ఇంపుగా ఉంటుంది" అన్నాడు, చాలా ప్రేమగా.

అతను ఆ మాట గురించి కాసేపు ఆలోచించాడు. నిజంగానే తీయగా ఉంది. తరవాత గోడ పట్టుకుని లేచాడు.

"జ్వరం తగ్గిందో లేదో, ఎక్కడికయ్యా?" అంది భార్య.

"ఒక్కటి ఊదొస్తానే."

ఆమె కూడా బూర ఒక కొస పట్టుకుంది. ఇద్దరూ మెల్లగా రేవుకు నడిచారు. మెత్తని మనిషి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

మళ్ళీ పుష్యం వచ్చింది. ఒక పొద్దుట అలాంటి మంచే దిగింది. అతను మెట్టు మీద కాళ్ళు కుదురుగా ఆనించి ఊపిరి వదిలాడు. బూర మోగింది. లంకలో పిట్టలు లేచాయి, ఇళ్ళలో జనం లేచారు. పది ఊదాడు, ఇరవై ఊదాడు. నలభయ్యోదానికి తెల్లదనంలోంచి పడవ ముక్కు తొంగిచూసి నేరుగా మెట్లకు ఆనింది. పెరుగు ముసలామె కుండ నెత్తిన పెట్టుకుని దిగి, "బాగా వినపడింది తమ్ముడూ" అని ఊళ్ళోకి వెళ్ళిపోయింది.

అతను బూర దించి నుదుటి చెమట తుడుచుకున్నాడు. అప్పుడు అవతలి ఒడ్డు నుంచి ఒక చప్పుడు వచ్చింది.

మొదట తన బూర చప్పుడే తిరిగి వచ్చిందనుకున్నాడు. అది మళ్ళీ వచ్చింది. సన్నగా, వణుకుతూ, సగంలో విరిగిపోయే చప్పుడు. అవతలి ఒడ్డున ఏనాడూ బూర లేదు. ఎవరిదో మొదటి ఊపిరి అది.

"ఎవరయ్యా అది?" అంది భార్య.

"తెలియదే. రోజూ వింటున్నవాళ్ళెవరో" అని అతను మెట్టు మీద కూర్చున్నాడు. ఇంకొకటి వస్తుందేమోనని, మంచులోకి చెవి ఒగ్గి, వేచి ఉన్నాడు.