ఉప్పుమెట్ట తల్లి గుడికి తలుపెందుకు లేదు

సముద్రపు పాయ పక్కన, ఉప్పుమళ్ల నడుమ, ఉప్పుమెట్ట తల్లి వెలసి ఉంది. గుడికి ద్వారబంధం ఉంది, తలుపు లేదు. ఆ తలుపు గుమ్మం ముందు నేలమీద పరిచి ఉంటుంది. భక్తులు దాన్ని తొక్కే లోపలికి వెళ్లాలి.

పూర్వం ఇక్కడ తల్లికి తొలి ఉప్పు మోసుకొచ్చే ఉప్పరవాడ వాళ్లను గుడి లోపలికి రానిచ్చేవారు కాదు. ఆ వాడలో అసిరమ్మ అనే ముసలామె, జ్వరం నుంచి బతికి బయటపడిన మనవరాలి పుట్టెంట్రుకలు తల్లి పాదాల దగ్గరే తీయిస్తానని మొక్కుకుంది. పిల్లకు జుట్టు నడుము దాకా పెరిగింది గాని మొక్కు తీరే దారి కనబడలేదు.

ఆమె మరిది కూర్మయ్య ఏటేటా గుడి పెత్తనం చేసే నాయుడిగారి అరుగు కింద చేతులు కట్టుకుని నిలబడి, లోపలికి రానివ్వమని అడిగేవాడు. అసిరమ్మ కొడుకు పోలయ్య, "గునపంతో ఒక్క పోటు చాలు" అనేవాడు. ఊరికి వచ్చిన బైరాగి ఒకడు, "కల్లు మానండి, మీరు మారితే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది" అన్నాడు.

"మేం మారతాం బాబూ. తలుపు మారతాదని నీకెవరు సెప్పారు?" అంది అసిరమ్మ. ఆమెకు ముగ్గురి మాటమీదా గురి కుదరలేదు.

చివరికి వాడంతా ఉప్పు తీయడం మానేసింది. చేపలు ఎండబెట్టే కాలానికి ఊరికి ఉప్పు కరువైంది. అప్పుడు నాయుడు తానే వచ్చి, "శుక్రవారం తలుపు తీయిస్తాను, ఉప్పు పట్టుకు రండి" అన్నాడు. వాడ పొంగిపోయింది. అసిరమ్మకు మాత్రం అనుమానం తీరలేదు. ఆ రాత్రి తల్లి కలలో కనిపించి, "నన్ను తరవాత చూద్దువు గాని, ముందు తలుపును చూడు" అంది.

శుక్రవారం అందరూ లోపలికి తోసుకుపోతుంటే ఆమె మనవరాలితో గడప దగ్గరే ఆగి తలుపు తడిమింది. కొత్త గడియ. కొలిమి మసి ఇంకా వదలలేదు.

"ఇదెందుకు బాబూ?" అని అడిగింది.

నాయుడు నవ్వాడు. "నమ్మకం లేదా అసిరీ?"

"అమ్మమీద ఉంది. తీసేదీ మీరే, ఏసేదీ మీరే అయితే రేపు మాకు మిగిలేదేటి?" అని ఉప్పుగంప నెత్తిన పెట్టుకుని వెనక్కి తిరిగింది. ఆమె వెనుక గంపలన్నీ తిరిగాయి.

నాయుడు ఆ గంపల వంక చూసి, "ఊడదీయండి" అన్నాడు. పోలయ్య గునపంతో బందులు లేపాడు. దింపిన తలుపును కూర్మయ్య, బైరాగి చెరో పక్కన పట్టి గుమ్మం ముందు పరిచారు. దానిమీద కాలు మోపి అసిరమ్మ మనవరాలితో లోపలికి నడిచింది. తల్లి పాదాల దగ్గర పిల్లకు పుట్టెంట్రుకలు తీయించింది.

నేటికీ తల్లి జాతరనాడు అసిరమ్మ ఇంటి పెద్దావిడ ద్వారబంధంలోని బందుల చిల్లుల్లో వేలు పెట్టి చూస్తుంది. "ఖాళీగానే ఉన్నాయి" అని ఆమె చెప్పాకే పూజారి హారతి వెలిగిస్తాడు. ఇక్కడ మొక్కుకుంటే పిల్లలు చల్లగా ఉంటారని నమ్మకం. వచ్చిన భక్తులు కూడా తల్లికి దండం పెట్టేముందు ఒకసారి ఆ చిల్లులు తడిమి చూసుకోవాలి. తల్లి అందుకు ఏమీ అనుకోదు.