బురద సైన్యానికి గంజి

మల్లభూపతి మహారాజుకు తన తెల్లమీసాలంటే పంచప్రాణాలు. ఓ ఉదయం ఏట్లో మునిగి లేచేసరికి అవి కాస్తా ఎర్రబడ్డాయి. ఎగువనున్న అద్దకం వీధివాళ్లు గుడ్డలకు రంగులద్ది, మిగిలిన నీళ్లు ఏట్లోకే వదులుతున్నారు మరి.

సభలో నవ్వే ధైర్యం ఎవరికుంది? మర్యాద కోసం అందరూ మీసాలకు ఎర్రరంగు పూసుకొచ్చారు. మీసాల్లేని పురోహితుడు పాపం కనుబొమలకు పూసుకున్నాడు.

"అయిదు రోజుల్లో ఈ నీళ్లు తేటపరిచే దారి చూపండి. లేకపోతే అద్దకం వీధిలో ఒక్క ఇల్లు మిగలదు!" అన్నాడు రాజు.

తాంబూలం అందిస్తున్న పేరమ్మ పళ్లెం పక్కన పెట్టి ముందుకొచ్చింది. ఆమె పుట్టిల్లు ఆ వీధిలోనే.

ఆస్థాన వైద్యుడు శరభాచార్యులు లేచాడు. "నా స్వర్ణభస్మం చిటికెడు చాలు ప్రభూ!"

"మా వీధి చివరి గుంటలో బురద గుప్పెడు చాలు ప్రభూ," అంది పేరమ్మ. "ఆ గుంటలో చేరిన ఎర్రనీళ్లు తేటపడటం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఆ బురదలో కంటికి ఆనని పురుగులున్నాయి. రంగు తినేస్తాయి."

"ఎన్నుంటాయి?"

"గుప్పెడు బురదలో మన సైన్యం కంటే ఎక్కువే."

"మరి వాటి సేనాపతి ఎవరు?" అన్నాడు రాజు ఆత్రంగా.

రెండు కుండల నిండా ఎర్రనీళ్లు తెప్పించారు. ఒకదాంట్లో భస్మం, ఒకదాంట్లో బురద వేశారు.

"కుండలు రెండూ నా ఇంట్లో ఉండాలి. ఈవిడ గడప తొక్కకూడదు," అన్నాడు ఆచార్యులు. రాజు సరేనన్నాడు.

పేరమ్మ ఓ క్షణం ఆలోచించి, ఆచార్యులకు చేతులు జోడించింది. "అయ్యగారూ, మీకు పుణ్యముంటుంది. నా కుండకు మూత బిగించకండి. అందులో గంజి చుక్క కూడా పడనివ్వకండి. పడిందా, నా పని ఐపోయినట్టే!"

ఆచార్యులు మీసాల చాటున నవ్వుకున్నాడు.

అయిదో రోజు కుండలు సభకొచ్చాయి. ఆచార్యుల కుండలో నీళ్లు ఎర్రగానే ఉన్నాయి, పైగా తళతళలాడుతున్నాయి. పేరమ్మ కుండ మూత తీస్తే బురద అడుక్కి దిగి, పైన తేటనీళ్లు!

"అబద్ధం! మోసం!" అని గంతేశాడు ఆచార్యులు. "రోజూ గరిటెడు గంజి పోసి, నా చేతుల్తో నేనే మూత బిగించాను గదా!"

అని నాలుక కరుచుకున్నాడు.

"గంజా?" అన్నాడు రాజు.

"వట్టి రంగుతో వాటికి ఆకలి తీరదు ప్రభూ. మా వీధి ఆడవాళ్లు రోజూ ఆ గుంటలోనే గంజి వారుస్తారు. గాలి తగలకపోతే ఇంకా జోరుగా పనిచేస్తాయి. నన్ను గడప తొక్కొద్దన్నారు, అందుకని..."

పేరమ్మ ఆచార్యులకు దణ్ణం పెట్టింది.

"సైన్యం నాది. వంట మాత్రం అయ్యగారిది."

రాజు పగలబడి నవ్వాడు. సభంతా ఎర్రమీసాలు ఎగిరెగిరిపడ్డాయి. పేరమ్మ మెళ్లో రాజుగారి ముత్యాలహారం పడింది. అద్దకం వీధి నిలిచింది. రంగునీళ్లు ఏట్లోకి పారే కాలవ పొడుగునా అలాంటి గుంటలే తవ్వించమని ఆజ్ఞ అయింది.

మెల్లగా జారుకోబోతున్న ఆచార్యుల్ని రాజు ఆపాడు.

"రేపట్నుంచి అన్ని గుంటలకూ గంజి మీరే పొయ్యాలి ఆచార్యా. నా సైన్యం పస్తుంటే ఊరుకోను!"