వేదిక దిగిన ప్రసంగం

లంకపేట చర్చిలో సుందరపాల్ అనే పాస్టరు ఉండేవాడు. మాటకారితనంలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు, ఆ సంగతి అందరికంటే బాగా ఆయనకే తెలుసు.

ప్రతి ప్రసంగాన్నీ అద్దం ముందు నాలుగుసార్లు చెప్పుకుని గాని ఆయన వేదిక ఎక్కేవాడు కాదు. ఎక్కడ గొంతు పెంచాలో, ఏ మాటకు జనం కళ్లు తుడుచుకుంటారో ముందే అనుకునేవాడు. పొరుగూళ్లవాళ్లు ఆటోలు మాట్లాడుకుని మరీ వచ్చేవారు. లంకపేటకు అదెంత గొప్పో!

ఒక ఆదివారం ఆయన గొంతు మెట్టు మెట్టుగా పైకెక్కుతోంది. ఇంకొక్క మాట అంటే జనం ఊగిపోతారు. సరిగ్గా అప్పుడే వెనక చాప మీద కూర్చున్న సువార్తమ్మ అనే ముసలావిడ మనసు నిండి, "స్తోత్రం!" అని గట్టిగా అనేసింది. పిల్లలు కిసుక్కుమన్నారు. పాస్టరుకు ఒళ్లు మండింది.

"నోరు మూసుకుని వినడం చేతకాకపోతే ఇంటి దగ్గరే ఉండమ్మా!" అన్నాడు అందరి ముందూ.

సువార్తమ్మ తల దించుకుంది. ఆ తర్వాత కూడా చర్చికి వచ్చేది గాని, నోరు విప్పేది కాదు.

నెల తిరిగేసరికి ఆమె కొడుకులు ఏలియా, ఇస్సాకు పొలాలకు నీళ్లు పారే బోదె దగ్గర, ముందు ఎవరి చేలోకి పెట్టుకోవాలని తగువుపడ్డారు. సోమవారం కర్రలతోనే తేల్చుకుంటామని పంతం పట్టారు. ముందురోజు పాస్టరు క్షమాపణ మీద ప్రసంగించాడు. అంత అందంగా ఆయన ఎన్నడూ మాట్లాడలేదు. జనమంతా ఏడ్చారు. అన్నదమ్ములు మాత్రం చెరో గోడకు ఆనుకుని కదల్లేదు.

"ఇంత చెప్పినా మనసు కరగలేదా, ఏలియా?" అన్నాడు పాస్టరు.

పెద్దవాడు లేచాడు. "బ్రహ్మాండంగా చెప్పారయ్యగారూ. కానీ మా అమ్మ నెల్లాళ్లుగా ఇక్కడే మూగదానిలా కూర్చుంటోంది. మీరు ఒక్కసారైనా పలకరించారా? తప్పు ఒప్పుకోవడం మీకే కుదరనప్పుడు మాకెలా కుదురుద్ది?"

పాస్టరు నాలుక చివర చురుకైన జవాబొకటి సిద్ధంగానే ఉంది. ఇంతలో సువార్తమ్మ ముఖం కనిపించింది. ఆయనకు సిగ్గేసింది. చేతిలోని కాగితాలు పక్కన పెట్టి వేదిక దిగాడు. చాపల మధ్య నడిచి వెళ్లి ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. గొంతు వణికింది, అది అద్దం ముందు నేర్చిన వణుకు కాదు.

"అమ్మా, నా గొప్ప కోసం నిన్ను నలుగురిలో చిన్నబుచ్చాను. తప్పు నాది. క్షమించు."

సువార్తమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "స్తోత్రం!" అంది గట్టిగా. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ముందు చిన్నవాడు కదిలాడు. "అన్నా, రేపు నీళ్లు నీ చేలోకే పెట్టుకో."

"ఛ, నీ నారు ఎండిపోతోంది కదరా! ముందు నువ్వే పెట్టుకో," అన్నాడు ఏలియా, తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి.

సుందరపాల్ ఇప్పటికీ అద్దం ముందు ప్రసంగం చెప్పుకుంటాడు. కానీ వేదిక ఎక్కేముందు సువార్తమ్మను పలకరించి వెళతాడు. పొరుగూళ్లవాళ్లు ఎవరైనా అడిగితే లంకపేట జనం గర్వంగా చెబుతారు, "మా అయ్యగారి ప్రసంగాలన్నిటిలోకీ గొప్పది కింద కూర్చుని చెప్పిందే" అని.

నీతి: మాటనేర్పు బోధను చెవుల దాకా చేరుస్తుంది, గుండెల్లోకి చేర్చేది మాత్రం బోధించేవాడి నడతే.